ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ రాజ్యాంగ విరుద్ధమని ఆఫీసులో ఒకాయన అంటున్నారు, నిజమేనా?

మీరు డాలస్‌లో హెచ్-1బి మీద పనిచేస్తున్నారు. మీ ఆఫీసులో ఒకాయన మూడు మాటలు చెప్పారు. ఆదాయపు పన్నును రాష్ట్రాల జనాభా లెక్కన పంచకుండానే వేయొచ్చన్న 16వ రాజ్యాంగ సవరణ సక్రమంగా ఆమోదం పొందలేదు కాబట్టి ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ చెల్లదు. రిటర్న్ వేయడం స్వచ్ఛందమని సుప్రీంకోర్టే చెప్పింది. జీతంలో పన్ను ఎంత కోయాలో కంపెనీకి చెప్పే డబ్ల్యూ-4 ఫారంలో 'ఎగ్జెంప్ట్' (మినహాయింపు) అని రాసిస్తే ఆ కోత ఆగిపోతుంది. ఇందులో నిజమెంత, అసలు ఫెడరల్ ప్రభుత్వం పన్ను వేసే అధికారానికి రాజ్యాంగం హద్దులేమైనా పెట్టిందా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. జీతం మీద ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ రాజ్యాంగబద్ధమే. డబ్ల్యూ-4లో ఎగ్జెంప్ట్ అని రాయకండి. ఇది కోర్టుల్లో ఎప్పుడో తేలిపోయిన విషయం, ఇంకా వాదించడానికేమీ మిగల్లేదు. కానీ హద్దులున్నాయన్న మాట నిజం, వాటి మీద ఇప్పటికీ కేసులు నడుస్తున్నాయి. 2024లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు బెంగళూరు కంపెనీ షేర్ల మీదే వచ్చింది. ఏ వాదన చచ్చిపోయింది, ఏది బతికుంది అన్నది విడదీసి చూస్తే మీ సహోద్యోగికి జవాబు చెప్పడం తేలిక.

ముందు రాజ్యాంగం ఏమందో చూద్దాం. దానికి ముందున్న ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ అనే ఒప్పందం కింద కాంగ్రెస్‌కు, అంటే ఇక్కడి చట్టసభకు, పన్ను వేసే అధికారమే లేదు. రాష్ట్రాలను డబ్బు పంపమని అడగాలి, పంపితే పంపినట్టు, లేదంటే లేదు. ఆ ఇబ్బంది తీర్చడానికే 1787 రాజ్యాంగంలో ఒకటో అధికరణం, 8వ సెక్షన్ మొదటి వాక్యంలోనే పన్నులు, సుంకాలు, ఎక్సైజులు వేసి వసూలు చేసే అధికారం కాంగ్రెస్‌కు ఇచ్చారు. అయితే మూడు షరతులు పెట్టారు. సుంకాలు, ఎక్సైజులు దేశమంతా ఒకేలా ఉండాలి. తలపన్ను లాంటి 'డైరెక్ట్ ట్యాక్స్' వేస్తే దాన్ని రాష్ట్రాల జనాభా దామాషాలో పంచాలి. రాష్ట్రాల నుంచి బయటికి వెళ్లే ఎగుమతుల మీద పన్ను వేయనే కూడదు.

గొడవంతా ఆ రెండో షరతు దగ్గర మొదలైంది. దామాషా అంటే ఏమిటో అంకెల్లో చూడండి. రెండు రాష్ట్రాల్లో చెరో 10 లక్షల మంది ఉన్నారనుకుందాం. జనాభా సమానం కాబట్టి చెరో 10 కోట్ల డాలర్లు కట్టాలి. మొదటి రాష్ట్రంలో జనం మొత్తం ఆదాయం 1,000 కోట్లయితే అక్కడ రేటు 1 శాతం. రెండోది పేద రాష్ట్రం, ఆదాయం 500 కోట్లే అయితే అక్కడ రేటు 2 శాతం. పేదవాళ్ల మీద రెట్టింపు రేటు! ఆదాయపు పన్నును ఈ పద్ధతిలో వేయడం ఆచరణలో అసాధ్యం.

1894లో కాంగ్రెస్ 4,000 డాలర్లు దాటిన ఆదాయం మీద 2 శాతం పన్ను వేసింది. మరుసటి ఏడాది పోలాక్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని 5-4తో కొట్టేసింది. మీ సహోద్యోగి ఈ తీర్పునే మనసులో పెట్టుకుని మాట్లాడుతూ ఉండాలి, కానీ అందులో ఏముందో చదివినట్టు లేదు. కోర్టు తప్పుపట్టింది ఆస్తి నుంచి వచ్చే ఆదాయం మీద పన్నును, అంటే అద్దెలు, డివిడెండ్లు, వడ్డీలు. అవి ఆస్తి మీద పన్నుతో సమానం, కాబట్టి డైరెక్ట్ ట్యాక్స్, కాబట్టి దామాషా ఉండాలి అంది. ఉద్యోగం, వృత్తి, వ్యాపారం నుంచి వచ్చే ఆదాయం మీద పన్ను ఆ కోవలోది కాదని కూడా అదే తీర్పులో ఉంది. ఆస్తి ఆదాయాన్ని తీసేసి మిగతా పన్నును మాత్రమే ఉంచితే భారమంతా కష్టపడి సంపాదించేవాళ్ల మీద పడుతుంది, కాంగ్రెస్ ఉద్దేశం అది కాదు అని మొత్తం చట్టాన్ని పక్కన పెట్టారు.

దీని అర్థం గమనించండి. 16వ సవరణ అసలు లేదనే అనుకుందాం. అప్పుడు చిక్కు వచ్చేది ఇళ్ల అద్దెలకూ, షేర్ల డివిడెండ్లకూ. కంపెనీ డబ్ల్యూ-2 ఫారంలో చూపే జీతం మీద పన్నుకు ఆ సవరణ అవసరమే లేదు. అంతర్యుద్ధం నాటి ఆదాయపు పన్నును 1881లో స్ప్రింగర్ కేసులో ఇదే సుప్రీంకోర్టు సమర్థించింది, ఆ కేసులో ఉన్నది ఒక లాయరు వృత్తి ఆదాయం, బాండ్ల వడ్డీ. కాబట్టి మీ సహోద్యోగి వాదన మొత్తం గెలిచినా ఆయన జీతం మీద పన్ను పోదు. ఇన్నేళ్లుగా ఈ ఫైళ్లు చూస్తున్నాను, ఈ వాదన ఎత్తుకున్నవాళ్లలో ఈ సంగతి గమనించినవాళ్లు చాలా తక్కువ.

ఇక ఆ సవరణ సంగతి. కాంగ్రెస్ దాన్ని 1909లో రాష్ట్రాల ఆమోదానికి పంపింది. 1913 నాటికున్న 48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకోవాలి. 1913 ఫిబ్రవరి 3న ఆ సంఖ్య పూర్తయింది, చివరికి 42 రాష్ట్రాలు ఆమోదించాయి. "కొన్ని రాష్ట్రాలు పంపిన తీర్మానాల్లో కామాలు, పెద్దక్షరాలు తేడాగా ఉన్నాయి" అన్న వాదనను ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 1986లోనే తోసిపుచ్చింది. "అప్పటికి ఒహాయో అధికారికంగా రాష్ట్రమే కాదు" అన్నది ఇంకో వాదన. ఒహాయో 1803 నుంచి యూనియన్‌లో ఉంది. లాంఛనంగా ఒక తీర్మానం 1953లో చేశారు, దాన్ని 1803 నుంచే వర్తించేలా చేశారు. పోనీ ఒహాయోని లెక్కలోంచి తీసేసినా 36కి తగ్గదు.

'స్వచ్ఛందం' అన్న మాట 1960 నాటి ఫ్లోరా కేసులోది. మన లెక్క మనమే వేసుకుని కట్టే పద్ధతి, ప్రభుత్వం ముందే వచ్చి జప్తు చేసే పద్ధతి కాదు అని కోర్టు చెప్పిన సందర్భం అది. రిటర్న్ వేయాలా వద్దా అన్నది మన ఇష్టమని కాదు. నిజానికి ఫ్లోరాలో తేల్చిందేమిటంటే, రీఫండ్ కోసం ఫెడరల్ కోర్టుకు వెళ్లాలంటే ముందు పన్ను మొత్తం కట్టాలి అని! తన మీద తానే సాక్ష్యం చెప్పక్కర్లేదన్న ఐదో సవరణ చూపించి రిటర్న్ మానేద్దామన్నవాళ్లకు 1927లో సలివన్ కేసులోనే జవాబు వచ్చింది. ఒక గడికి జవాబు చెప్పనని కారణంతో రాయొచ్చు, రిటర్నే వేయనంటే కుదరదు.

"నేను నిజంగానే అలా నమ్మాను అంటే శిక్ష పడదట కదా" అన్న మాట కూడా మీరు వినే ఉంటారు. అది 1991 నాటి చీక్ కేసు నుంచి సగం పట్టుకున్న మాట. ఒక విమాన పైలట్ జీతం ఆదాయం కాదంటూ రిటర్నులు మానేశాడు. చట్టం తనకు వర్తించదని నిజాయితీగా అపార్థం చేసుకుంటే అది 'తెలిసి చేసిన నేరం' కాకపోవచ్చు, జ్యూరీ ఆ మాట పరిశీలించాలి అని సుప్రీంకోర్టు అంది. వెంటనే ఇంకో మాట కూడా అంది: చట్టం తెలిసి, అది రాజ్యాంగ విరుద్ధమని నమ్మి కట్టకపోతే ఆ నమ్మకం రక్షణ కాదు. అతనికి రెండోసారి విచారణలో శిక్ష పడింది. పైగా ఈ తీర్పు నేర విచారణకు సంబంధించినది. పన్ను, వడ్డీ, సివిల్ పెనాల్టీలు ఎంత నిజాయితీగా నమ్మినా తప్పవు.

ఇప్పుడు నిజంగా ఉన్న హద్దులకొద్దాం. నాకు అసలు ఆసక్తి ఇక్కడే.

చేతికి రాని ఆదాయం మీద పన్ను. 16వ సవరణ దామాషా నుంచి మినహాయించింది 'ఆదాయాన్ని'. ఆస్తి విలువ మీద నేరుగా వేసే పన్నును కాదు. అందుకే ఫెడరల్ భూమి పన్ను కనిపించదు, సంపద పన్ను ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ఇదే ప్రశ్న లేస్తుంది. 1920లో మకోంబర్ కేసులో, కంపెనీ డబ్బు ఇవ్వకుండా అదనపు షేర్లు మాత్రమే ఇస్తే వాటాదారుకు ఆదాయం వచ్చినట్టు కాదని కోర్టు అంది. 2024 జూన్‌లో మూర్ కేసు మళ్లీ ఇక్కడికే వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన దంపతులు రైతులకు చిన్న యంత్రాలు అమ్మే బెంగళూరు కంపెనీ కిసాన్‌క్రాఫ్ట్‌లో 40,000 డాలర్లు పెట్టి సుమారు 13 శాతం వాటా తీసుకున్నారు. కంపెనీ లాభాలను మళ్లీ వ్యాపారంలోనే పెట్టింది, వాళ్లకు డివిడెండ్ ఇవ్వలేదు. 2017 చట్టం మాత్రం, విదేశీ కంపెనీలో పేరుకున్న లాభంలో మీ వాటాకు ఒక్కసారి పన్ను కట్టండి అంది. దాదాపు 14,700 డాలర్లు పడింది. వాళ్లు కట్టేసి, తర్వాత రీఫండ్‌కు దావా వేశారు. 7-2తో ఓడిపోయారు. ఆదాయం కంపెనీకి చేతికొచ్చింది కదా, దాన్ని వాటాదారుల ఖాతాలో వేసి పన్ను వేయడం ఎప్పటి నుంచో ఉన్నదే అని కోర్టు కారణం చెప్పింది. ఎవరి చేతికీ రాని విలువ పెరుగుదల మీద పన్ను వేయొచ్చా అన్నది మాత్రం కావాలనే తేల్చకుండా వదిలేసింది. ఆ వాదన ఇంకా బతికే ఉంది.

మన వాళ్లకు ఇందులో ఒక పని ఉంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కుటుంబం నడిపే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో మీ పేరు మీద 10 శాతం, అంతకు మించి షేర్లుంటే విదేశీ కంపెనీలో వాటాల వివరాలు ఇచ్చే ఫారం 5471 వర్తిస్తుందేమో తప్పకుండా చూపించుకోండి. అది వేయకపోతే ఏడాదికి 10,000 డాలర్ల నుంచి పెనాల్టీ మొదలవుతుంది. డివిడెండ్ తీసుకోలేదు అన్నది జవాబు కాదు.

పన్ను ముసుగులో శిక్ష. కాంగ్రెస్ నేరుగా నిషేధించలేని పనిని పన్ను పేరుతో ఆపడానికి వీల్లేదు. 1922లో బెయిలీ కేసులో, పిల్లలతో పని చేయించే యజమానుల నికర లాభంలో 10 శాతం 'పన్ను'ను కోర్టు ఇందుకే కొట్టేసింది. ఒక్క పిల్లవాణ్ని ఒక్కరోజు పెట్టుకున్నా ఏడాది లాభంలో పదో వంతు పోయేది, అదీ తెలిసి పెట్టుకుంటేనే. ఖజానా కోసం వేసే పన్నుకు ఆ లక్షణాలుండవు. 2012 నాటి ఆరోగ్య బీమా కేసులో ఇదే కొలత తిరగబడింది. బీమా కొనమని జనాన్ని ఆదేశించే అధికారం, రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే వాణిజ్య నిబంధన కింద కాంగ్రెస్‌కు లేదన్నారు, కానీ కొనకపోతే ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు కట్టే మొత్తాన్ని పన్నుగా చూసి 5-4తో నిలబెట్టారు. ఆ మొత్తం బీమా ఖర్చు కన్నా తక్కువ, రిటర్న్‌తోనే వసూలవుతుంది, కట్టేస్తే ఇంకే నేరమూ లేదు అన్నవి కారణాలు. 2019 నుంచి ఆ మొత్తాన్ని సున్నా చేశారు. కాంగ్రెస్ అధికారానికి హద్దు గురించి వాదించేవాళ్లు పోలాక్ కన్నా ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదవాలి.

డబ్బుతో కట్టే ముడి. వసూలు చేసిన డబ్బును రాష్ట్రాలకు ఇస్తూ షరతులు పెట్టొచ్చు. మద్యం వయసు 21 చేయని రాష్ట్రాలకు హైవే నిధుల్లో 5 శాతం ఆపడం సరేనని 1987లో డోల్ కేసులో అన్నారు. అదే 2012 తీర్పులో, పేదలకు వైద్య ఖర్చు భరించే మెడికెయిడ్ పథకం విస్తరణకు ఒప్పుకోకపోతే ఉన్న మెడికెయిడ్ డబ్బంతా ఆపేస్తామనడం మెడ మీద కత్తి పెట్టడమే అని 7-2తో అడ్డుకున్నారు. 5 శాతానికీ మొత్తానికీ మధ్య గీత ఎక్కడన్నది ఎవరూ అంకెల్లో చెప్పలేదు.

ఎగుమతుల మీద నిషేధం ఇప్పటికీ పదునుగానే ఉంది. సరుకు విలువ మీద 0.125 శాతం రేవు పన్ను ఎగుమతులకు చెల్లదని 1998లో కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. 'దేశమంతా ఒకేలా' అన్నది మాత్రం మెతకబడింది. అలాస్కా ఉత్తర భాగంలో తీసే చమురుకు మినహాయింపు ఇచ్చినా తప్పులేదని 1983లో అన్నారు.

ఇండియాలో అలవాటైన చట్రంతో ఇక్కడ చూస్తే ఒక పొరపాటు వస్తుంది. అక్కడ ఏడో షెడ్యూల్ జాబితాలు వేటికవే: వ్యవసాయేతర ఆదాయం కేంద్రానిది, వ్యవసాయ ఆదాయం రాష్ట్రానిది. ఇక్కడ అలా పంచలేదు. ఒకే జీతం మీద ఫెడరల్ ప్రభుత్వమూ వేయొచ్చు, రాష్ట్రమూ వేయొచ్చు. టెక్సాస్‌లో మీకు రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం ఆ రాష్ట్రం తీసుకున్న నిర్ణయం. 2019లో ఓటర్లు దాన్ని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాశారు. ఫెడరల్ పన్నుకు దానితో సంబంధం లేదు.

ఇక్కడే మన వాళ్లు నిజంగా దెబ్బతినే చోటొకటుంది. 16వ సవరణలో 'ఏ మూలం నుంచి వచ్చిన ఆదాయమైనా' అని ఉంది. రోజుల లెక్క ప్రకారం, అంటే ఈ ఏడాది కనీసం 31 రోజులుండి, ఈ ఏడాది రోజులన్నీ, నిరుటివి మూడో వంతు, అంతకు ముందరివి ఆరో వంతు కలిపి 183 అయితే, మీరు పన్ను లెక్కకు రెసిడెంట్. అప్పటి నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా చూపాలి. తెనాలి దగ్గర పొలం మీద వచ్చే కౌలు, ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీ అక్కడ పన్ను లేనివే, ఇక్కడ మాత్రం పన్ను పడతాయి. పీపీఎఫ్ వడ్డీని కూడా చూపించాల్సిందే. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ కూడా రాదు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలిచ్చే ఎఫ్‌బార్ అనే నివేదిక వేయాలి.

వాదిస్తూ కట్టకపోతే ఏమవుతుంది? 20,000 డాలర్ల పన్ను ఉండి రిటర్న్ ఐదు నెలలు ఆలస్యమైతే నెలకు 5 శాతం చొప్పున 5,000 డాలర్ల పెనాల్టీ, వడ్డీ అదనం. మోసంతో వేయకపోతే నెలకు 15, మొత్తం 75 శాతం వరకు. రిటర్న్ మీద ఈ కొట్టేసిన వాదనలు రాసి పంపితే ఒక్కోదానికి 5,000. ట్యాక్స్ కోర్టులో అవే వాదిస్తే 25,000 వరకు. డబ్ల్యూ-4లో ఆధారం లేకుండా తప్పు రాస్తే 500, ఆపైన ఐఆర్ఎస్ మీ కంపెనీకి ఉత్తరం రాసి కోత ఎంత ఉండాలో తానే నిర్ణయిస్తుంది. రిటర్న్ వేయని ఏడాదికి కాలపరిమితి మొదలే కాదు, ఎన్నేళ్ల తర్వాతైనా అడగొచ్చు. వీసా మీదున్న మీకు వీటన్నిటికన్నా పెద్దది ఇంకోటుంది. పన్ను ఎగవేతలో ప్రభుత్వ నష్టం 10,000 డాలర్లు దాటి శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టంలో అది అగ్రవేటెడ్ ఫెలనీ, దేశం నుంచి పంపేయదగిన నేరం. మీ సహోద్యోగి పౌరుడైతే ఆయనకు ఆ భయం లేదు. అందుకే ఆయన సలహా మీకు రెట్టింపు ప్రమాదం.

రాజ్యాంగం మీద నిజంగా వాదించాలంటే దారులు రెండే. ఒకటి మూర్ దంపతుల దారి: కట్టేయండి, రిటర్న్ వేసిన మూడేళ్లలో లేదా కట్టిన రెండేళ్లలో, ఏది తర్వాతైతే అప్పటిలోగా, సవరించిన రిటర్న్ ఫారం 1040-ఎక్స్‌తో రీఫండ్ అడగండి. ఆరు నెలల్లో జవాబు రాకపోయినా, కాదన్నా జిల్లా కోర్టుకో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టుకో వెళ్లొచ్చు. కాదన్న ఉత్తరం వచ్చాక గడువు రెండేళ్లు. కోర్టులో చెప్పబోయే ప్రతి కారణం ఆ ఫారంలో ముందే ఉండాలి. రాయనిది తర్వాత వాదించనివ్వరు, మంచి కేసులు పోయేది ఇక్కడే. రెండో దారి, పన్ను ఇంత తక్కువైందంటూ ఐఆర్ఎస్ లోటు నోటీసు ఇచ్చినప్పుడు 90 రోజుల్లో ట్యాక్స్ కోర్టులో పిటిషన్. ముందుగా కట్టక్కర్లేదు, ఫీజు 60 డాలర్లు. 90 అంటే 90, ఇండియాకు వెళ్లొచ్చేసరికి గడువు దాటిపోయిన నోటీసులు నేను తరచూ చూస్తుంటాను. నోటీసు దేశం బయటున్న చిరునామాకు పంపితే 150 రోజులు.

ఒకవేళ మీరు ఇప్పటికే డబ్ల్యూ-4లో ఎగ్జెంప్ట్ అని ఇచ్చేసి ఉంటే ఈ వారమే కొత్తది ఇవ్వండి. ఎగ్జెంప్ట్ అన్నది నిరుడు పన్ను బాధ్యత సున్నా ఉండి, ఈ ఏడాదీ సున్నా అనుకునేవాళ్లకే. ఇప్పటిదాకా తగ్గిన కోతను మిగిలిన పే చెక్కుల సంఖ్యతో భాగించి, ఆ మొత్తాన్ని 4(సి) గడిలో అదనపు కోతగా వేయండి. జీతంలో కోసిన పన్నును ఎప్పుడు కోసినా ఏడాదంతా సమానంగా కట్టినట్టే ఐఆర్ఎస్ లెక్కిస్తుంది, కాబట్టి డిసెంబరులో కోసినా ఏప్రిల్‌కు పనికొస్తుంది. విడిగా పంపే త్రైమాసిక చెల్లింపుకు ఈ సౌలభ్యం లేదు. డిసెంబరు ఆఖరుకు మీ మొత్తం కోత ఈ ఏడాది పన్నులో 90 శాతమో, నిరుటి పన్నులో 100 శాతమో ఉంటే తక్కువ కట్టినందుకు పెనాల్టీ ఉండదు. నిరుటి ఆదాయం 1,50,000 డాలర్లు దాటి ఉంటే ఆ 100ని 110గా చదువుకోండి.